గదుల కంటే ముందు మెట్లు గీయండి

ఆర్కిటెక్చర్ చదువుతున్న మిత్రులారా, నమస్కారం.

ఈ సెమిస్టర్ మీకు హాస్టల్ డిజైన్ ఇచ్చారని చెప్పారు. గోడలకు అంటించిన షీట్లు చూస్తూ వచ్చాను. చాలావాటిలో నడుమ పొడుగాటి కారిడార్, అటూ ఇటూ గదులు, చివర ఓ పెద్ద కామన్ రూమ్. నిజం చెప్పండి, మీ హాస్టల్లో ఆ కామన్ రూమ్‌లో ఎవరైనా కూర్చుంటారా? క్రికెట్ మ్యాచ్ లేని రోజు అక్కడ ఈగలు తోలుకోవడమే కదా!

1970లలో ఆండ్రూ బామ్, స్టువర్ట్ వాలిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయం హాస్టళ్లను పరిశీలించారు. ఒక రకం భవనంలో పొడవాటి కారిడార్ మీద 34 మంది ఉంటారు, అందరికీ కలిపి ఒకే చోట స్నానాల గదులు. రెండో రకంలో నలుగురు నుంచి ఆరుగురికి ఒక వాటా. ఒక్కొక్కరికి దక్కే జాగా రెండింట్లోనూ ఇంచుమించు సమానమే. అయినా కారిడార్ వాళ్లే ఇరుకని బాధపడ్డారు, వాళ్లే మొహం చాటేశారు. బకెట్ పట్టుకుని బయటికొచ్చిన ప్రతిసారీ పేరు తెలియని పది మంది ఎదురైతే ఎవరికైనా గడియ పెట్టుకోవాలనే ఉంటుంది మరి.

అహ్మదాబాద్ ఐఐఎం హాస్టళ్లలో ఆర్కిటెక్ట్ లూయీ కాన్ పదేసి గదుల్ని మెట్లు, టీ గది చుట్టూ పేర్చాడు. కారిడార్ జోలికే పోలేదు. పది మందైతే వారం తిరిగేసరికి పేర్లు తెలుస్తాయి.

అలాగని ఆ ఇటుక గోడల్ని ఇక్కడికి ఎత్తుకు రాకండి. అక్కడిది పొడి ఎండ, మన విశాఖది ఉక్కపోత. మన సముద్రం ఆగ్నేయాన ఉంది. ఆ గాలి గదిలో దూరి అవతలికి పోవాలంటే గదులు ఒక పక్కే ఉండాలి, రెండో పక్క వరండా రావాలి. వరండా అంచున అరుగు కట్టండి. దాని మీద ఒకరు కాళ్లు చాపుకున్నా ఇంకొకరు బకెట్‌తో దాటిపోయేంత వెడల్పు ఉంచండి. ఇనుప రెయిలింగులు ఉప్పుగాలికి తుప్పు పడతాయి, పిట్టగోడ మేలు. నిలువెత్తు అద్దాల కిటికీలు గీసినవాళ్లు 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊళ్లో ఏం చేసిందో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

ఇక బట్టలు ఆరేసే చోటు. దీన్ని ఏ షీట్‌లోనూ చూపించలేదు! డాబా మీద ఏమైనా జరుగుతుందేమోనని వార్డెన్లు తలుపుకి తాళం వేస్తారు. వాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఉతికినవి కిటికీ ఊచలకు వేలాడుతుంటే వచ్చే గాలి కూడా ఆగిపోతుంది. ప్రతి అంతస్తులో మెట్ల పక్కనే జాలీ గోడతో ఓ ఆరబెట్టే చోటు ఇవ్వండి. మంచినీళ్ల ఫిల్టర్ కూడా అక్కడే పెట్టండి. ముఖ్యంగా ఆడపిల్లల హాస్టళ్లకి ఇది కావాలి. చాలాచోట్ల సాయంత్రమే గేటు మూసేస్తారు కాబట్టి వాళ్లకి బీచ్ రోడ్డూ, టీ బడ్డీ అన్నీ ఆ మెట్ల దగ్గరే.

జ్యూరీకి, అంటే మీ డిజైన్లను పరీక్షకుల ముందు పెట్టే రోజుకి, ముందు ఒక పని చేయండి. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా ఒక విద్యార్థి తిరిగే దారిని మీ ప్లాన్ మీద పెన్సిల్‌తో గీయండి. ఎవరు ఎక్కడ తారసపడతారో గుర్తు పెట్టండి. పరీక్ష పోయిన రోజు ఎవరి కంటా పడకుండా గదికి చేరే దారి ఉందో లేదో కూడా చూడండి. ముందు వరసలోవాళ్లూ, మీ షీట్లు ఇటు తెండి, ఇప్పుడే మొదలుపెడదాం.