టెంటు కింద రెండు గుంపులు

సభకు నమస్కారం. ఇంత ఎండలో టెక్కలి, పలాస, చీపురుపల్లి నుంచి కూడా బస్సులెక్కి వచ్చిన డిగ్రీ పిల్లలకు ఇంకో నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం "సమకాలీన సామాజిక సమస్యలు, భిన్నాభిప్రాయాలు". ఇందులో మద్యం నుంచి ఇంగ్లిష్ మీడియం దాకా ఏదైనా పడుతుంది. అన్నీ ముట్టుకుంటే ఏదీ తేలదు కాబట్టి ఒక్కటే తీసుకుంటాను: పరిశ్రమలకు, పోర్టులకు భూమి ఇవ్వడం. గత ఇరవై ఏళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒకే ఇంట్లో అన్నని ఒకవైపు, తమ్ముడిని ఇంకోవైపు నిలబెట్టిన గొడవ ఇదే.

నేను రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో పక్క టేబుల్ దగ్గర కూర్చుని, మాట్లాడినవాళ్ల మాటలు రాసుకోవడం నా పనుల్లో ఒకటి. ఏ సభ, ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. అన్నీ ఇంచుమించు ఒకేలా ఉండేవి.

అసలు ఆ సభ ఎందుకు పెడతారో చాలామందికి తెలియదు. కేంద్ర పర్యావరణ శాఖ 2006 సెప్టెంబరు 14న ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రకారం పెద్ద ప్రాజెక్టుల్లో చాలావాటికి పర్యావరణ అనుమతి ఇచ్చేముందు ఆ చుట్టుపక్కల జనం మాట వినాలి. కాలుష్య నియంత్రణ మండలి సభ ఏర్పాటు చేస్తుంది. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. 30 రోజుల ముందు పేపర్లో నోటీసు వేయాలి. ప్రాజెక్టు నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. జరిగినదంతా వీడియో తీయాలి. చివర్లో ఎవరెవరు ఏమేం అడిగారో తెలుగులో చదివి వినిపించాలి. ఇంతమంది రావాలన్న కోరం లేదు. ముఖ్యంగా, అందులో ఓటింగు లేదు. ఎంతమంది అనుకూలం, ఎంతమంది వ్యతిరేకం అన్న లెక్కతో అక్కడ నిర్ణయం జరగదు. జనం లేవనెత్తిన అభ్యంతరాలకు కంపెనీ తన తుది నివేదికలో జవాబు చెప్పుకోవాలి. ఆ సభ పెట్టేది అందుకు.

మరి మన దగ్గర ఏం జరుగుతుంది? టెంటు వేస్తారు. టెంటు కంటే ముందు పోలీసు వ్యాన్లు దిగుతాయి. ఒకవైపు కంపెనీ తోలిన ఆటోల్లో వచ్చినవాళ్లు, ఇంకోవైపు పోరాట కమిటీ పిలిస్తే వచ్చినవాళ్లు. మైకు దొరికిన ప్రతి ఒక్కరూ "స్వాగతిస్తున్నాం" అనో "వ్యతిరేకిస్తున్నాం" అనో చెప్పి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోతారు. నా నోట్‌బుక్కు పేజీలకు పేజీలు ఈ రెండు మాటలతోనే నిండేది. "స్వాగతిస్తున్నాం" అంటే కంపెనీ ధన్యవాదాలు అని రాస్తుంది. "వ్యతిరేకిస్తున్నాం" అంటే "అవగాహన కల్పిస్తాం" అని రాస్తుంది. రెండింటికీ ఖర్చు లేదు.

అదే ఒకసారి ఒక పెద్దాయన లేచి, "బాబూ, మా బావుల్లో నీళ్లు శివరాత్రికే అడుగుకి పోతన్నాయి. మీరు రోజుకి ఎన్ని నీళ్లు తోడతారు, ఎక్కడ తోడతారు?" అని అడిగి కూర్చున్నాడు. చప్పట్లు పడలేదు. కానీ ఆ రోజు మొత్తంలో కంపెనీ ఇంజనీరు కాగితాలు తిరగేసింది ఆ ఒక్క మాటకే. ఆయన అనుకూలమో వ్యతిరేకమో నాకు ఇప్పటికీ తెలియదు.

సరే, ఇప్పుడు రెండు పక్షాల మాటా విందాం. ముందు పరిశ్రమ రావాలనేవాళ్లది. పోరాటాలను అభిమానించేవాళ్లు వీళ్లను "కంపెనీ మనుషులు" అని ఒక్క ముక్కలో కొట్టేస్తారు. అది అన్యాయం. మన శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. అయినా మన మత్స్యకారులు ఏటా గుజరాత్ దాకా పోయి వేరావల్‌లో ఎవరో పడవ యజమాని దగ్గర కూలికి వేటాడుతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లలో కొందరు పాకిస్తాన్‌కి పట్టుబడి 2020 జనవరిలో విడుదలయ్యారు. ఏడాది దాటి జైల్లో ఉన్నారు. మన ఒడ్డున సరైన జెట్టీ, హార్బరు ఉంటే మా గుంటడు అంత దూరం పోయేవాడా అని ఒక తల్లి అడిగితే, చిత్తడి నేలల గొప్పతనం గురించి ఉపన్యాసం ఇచ్చి ఆమె నోరు మూయించలేం. ఉద్దానంలో 2018 తిత్లీ తుఫాను కొబ్బరిని, జీడిని ఎలా పడగొట్టిందో చూశాం. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఆ రైతు కొడుకు ఏం చెయ్యాలి? హైదరాబాద్‌లో వాచ్‌మన్ పనికో, చెన్నైలో కన్‌స్ట్రక్షన్ పనికో పోవాలి. మన జిల్లా బస్టాండులో రాత్రిపూట మూటలతో కూర్చున్నవాళ్లను చూసినవాడెవడూ పరిశ్రమ అడగడం తప్పనలేడు.

ఇక రెండో పక్షం. దీనికి సోంపేట బీల చాలు. బయటివాళ్లకు బీల అంటే తెలియదు. వాన నీరు చేరి నిలిచే పల్లపు నేల. దాని మీద చుట్టూ ఊళ్ల వరి, చేపలు, పశువుల మేత, గడ్డి, జమ్ము అన్నీ ఆధారపడి ఉంటాయి. వేసవిలో చుట్టుపక్కల బావుల్లో నీరు నిలబడేది కూడా దాని దయవల్లే. ఆ నేలను థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చారు. కాగితం మీద అది పనికిరాని ప్రభుత్వ భూమి. మన రికార్డుల్లో ఒక జబ్బు ఉంది: పట్టా లేనిదీ, శిస్తు రానిదీ పనికిరానిదే. నా శాఖ గురించే చెప్తున్నాను కాబట్టి ఎవరూ కోప్పడక్కర్లేదు. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. చట్టం చివరికి ఒప్పుకున్న మాటను ఆ ఊళ్ల ఆడవాళ్లు అప్పటికి నెలల తరబడి రోడ్డు మీద కూర్చుని చెప్తూనే ఉన్నారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లి థర్మల్ ప్లాంటు గొడవలోనూ కాల్పులు జరిగాయి, అక్కడా ప్రాణాలు పోయాయి. పక్కనే తేలినీలాపురంలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకునేది నౌపడ తంపరను, అంటే ఆ చుట్టుపక్కల చిత్తడి నేలను నమ్ముకునే.

ఈ రెండూ వింటే మీకేమనిపిస్తోంది? నాకైతే, ఇవి ఒకదానికొకటి ఎదురు నిలిచే వాదాలుగా కనిపించవు. వేరావల్ పోయే కుర్రాడికి పని కావాలి. అది నిజం. బీల పోతే ఆ ఊళ్లకు నీళ్లు, తిండి పోతాయి. అదీ నిజం. "పని కావాలి" అన్న మాటకు "కాబట్టి ఈ బీలలోనే, ఈ బొగ్గు ప్లాంటే" అన్న తోక ఎక్కడ తగులుకుందో అక్కడే గొడవంతా ఉంది. ఆ తోకను ఊళ్లో కుర్రాడు తగిలించలేదు, అడగనూ లేదు. అతని ఆకలిని చూపించి ఇంకెవరో తగిలించారు. టెంటు కింద అతన్నీ బీల రైతునీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు.

అందుకని ఏ సభకు వెళ్లినా మొదట ఆ తోకను వెతకండి. "అభివృద్ధి కావాలా వద్దా" అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పకండి. ఏ పని, ఎందరికి, ఎన్నేళ్లు అని తిరిగి అడగండి. ప్లాంటు కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది, అబద్ధం కాదు. అందులో ఎక్కువ భాగం కాంట్రాక్టర్ బయటి రాష్ట్రాల నుంచి తెచ్చుకున్న కూలీలది. కట్టడం అయ్యాక మిగిలే పర్మినెంటు పోస్టులు ఎన్ని, వాటికి ఏ చదువు కావాలి, మన ఐటీఐల్లో ఆ ట్రేడు ఉందా? కంపెనీ కరపత్రంలో మొదటి లెక్కే ఉంటుంది. పరిశ్రమ వచ్చాక శాశ్వతమనీ అనుకోకండి. విజయనగరం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు, జూట్ మిల్లుల గేట్లకు ఎన్నిసార్లు తాళాలు పడ్డాయో వాళ్లకే బాగా తెలుసు.

వ్యతిరేకించేవాళ్లనూ ఇలాగే అడగాలి. మా వైపు మనుషులు కదా అని వదిలేస్తే ఎలా? ఉద్దానం కిడ్నీ జబ్బునే తీసుకోండి. దానికి కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. నీళ్లా, ఎండలో పనా, పురుగుమందులా, వంశపారంపర్యమా, అన్నీ కలిసా అన్న పరిశోధన నడుస్తూనే ఉంది. అయినా కొందరు వక్తలు మైకు పట్టుకుని రాబోయే ప్రతి ఫ్యాక్టరీకీ ఆ జబ్బును అంటగట్టేస్తారు. భయం జనాన్ని త్వరగా కూడగడుతుంది, నిజమే. కానీ కంపెనీ నిపుణుడు ఆ ఒక్క మాటను కొట్టిపారేసి, దాంతోపాటు మీ బావి నీళ్ల ప్రశ్నను కూడా మూటగట్టి పక్కన పెట్టేస్తాడు. నేను చూస్తుండగానే జరిగింది.

భోగాపురం గురించి రెండు మాటలు చెప్పాలి. ఆ విమానాశ్రయానికి శంకుస్థాపనే రెండుసార్లు అయింది, 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో ఒకసారి. అది అలా ఉంచండి. మొదట్లో వినబడిన మాట 15 వేల ఎకరాలు. జనం ఎదురు తిరిగాక 5 వేల చిల్లరకు వచ్చింది. చివరికి విమానాశ్రయానికి ఇచ్చింది సుమారు 2,200 ఎకరాలు. అంటే మొదటి లెక్కలో అధిక భాగం రన్‌వేకి అక్కర్లేని భూమి. ఈ విషయం ఎవరివల్ల బయటపడింది? అడ్డుపడ్డవాళ్లవల్ల. వాళ్లను ఆ రోజు అభివృద్ధి నిరోధకులు అన్నారు. విమానాశ్రయం కావాలనుకున్నవాడు కూడా ఇవాళ వాళ్లకు రుణపడి ఉన్నాడని నా అభిప్రాయం. మూలపేట పోర్టుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయింది. అక్కడా "పోర్టు మంచిదా చెడ్డదా" అన్న చర్చ కంటే, వేట పడవలకు దారి ఎటు, ఒడ్డు కోత ఎటు పడుతుంది అన్న ప్రశ్నలకు బరువు ఎక్కువ.

పరిహారం దగ్గరికొస్తే మన తప్పూ ఉంది, నవ్వకండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం మన రాష్ట్రంలో పల్లె భూమికి మార్కెట్ విలువ మీద రెండున్నర రెట్లు వస్తుంది. ఆ మార్కెట్ విలువను ఎక్కడ చూస్తారు? రిజిస్ట్రేషన్ ఆఫీసులో. అక్కడ స్టాంపు డ్యూటీ మిగులుతుందని పది లక్షల భూమిని మూడు లక్షలకు రాయించుకున్నది ఎవరు? ఆ మూడు లక్షలకు రెండున్నర రెట్లు కడితే అసలు ధర కూడా రాదు. అప్పుడు టెంటు కింద అరిస్తే కాగితం వినదు.

ఇంకా పెద్ద సంగతి, ఆ టెంటు కిందికి రానివాళ్లది. పట్టాదారుకు చెక్కు వస్తుంది, కాబట్టి అతను ఏదో ఒక గుంపులో ఉంటాడు. కౌలు రైతు, నాట్లకు పోయే కూలి, బీలలో చేపలు పట్టుకునేవాడు, జమ్ము కోసి అమ్ముకునే ఆవిడ? వీళ్లు ఆ రోజు కూడా పనికి పోతారు. పోకపోతే పూట గడవదు. కానీ అదే 2013 చట్టం, భూమి లేకపోయినా అంతకుముందు మూడేళ్లు ఆ నేల మీద బతికిన కూలీలను, కౌలుదార్లను, ఆ నీళ్ల మీద ఆధారపడిన మత్స్యకారులను కూడా బాధిత కుటుంబాలుగానే లెక్కిస్తుంది. ఈ సంగతి రెండు గుంపుల నాయకుల నోటా నేను విన్నది చాలా తక్కువ. కౌలు నోటిమాట మీద నడిచే చోట ఆ మూడేళ్లకు రుజువు ఏం చూపిస్తారు? పంచాయతీ తీర్మానమా, రేషన్ కార్డు మీద అడ్రసా, బ్యాంకు పంట రుణమా? మీలో లా చదివేవాళ్లుంటే ఈ ఒక్క పని నేర్చుకోండి. పోరాటంలో పదిమంది వక్తల కంటే మీరే ఎక్కువ పనికొస్తారు.

సభకు వెళ్లేముందు చేయాల్సింది ఒకటుంది. నివేదిక ముసాయిదా, తెలుగు సారాంశం కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడటానికి పెడతారు. చాలాసార్లు ఆ ఫైలు ముడి కూడా ఎవరూ విప్పరు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, మీతో ఏకీభవించని స్నేహితుడిని కూడా ఒకడిని తీసుకెళ్లండి. నీళ్లు, బూడిద, ఉద్యోగాలు అన్న పేజీలు చదివి, అర్థం కానివి కాగితం మీద రాసుకురండి. మైకు దొరక్కపోతే ఆ కాగితాన్నే రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. ఇచ్చినట్టు రసీదు అడగండి. చివర్లో అధికారి చదివి వినిపించే దాకా కుర్చీలోంచి లేవకండి. అందరూ భోజనాలకు లేచిపోయేది సరిగ్గా ఆ సమయంలోనే.

నా మాట అయింది. ఇంకో అరగంట ప్రశ్నలకు ఉంచారు. వెనక వరుసలో కూర్చున్న అమ్మాయిలు ముందు అడగండి తల్లీ. ముందు వరుస పెద్దలకు మైకు ఎలాగూ దొరుకుతుంది.