జో ఫ్రేజియర్‌కు ఎదురుగా మైక్ టైసన్: మా చిన్నాయన పందెం

నమస్తే. ఈ వీడియో చేయాల్సి వచ్చింది మా చిన్నాయన వల్ల, ఒక ప్లేటు ఉగ్గాని వల్ల.

పోయిన ఆదివారం పొద్దున్నే కర్నూల్లో, కొండారెడ్డి బురుజుకు కాస్త ఇవతల ఉండే ఒక బండి దగ్గర నిలబడి ఉగ్గాని తింటున్నాం. నేను, మా చిన్నాయన, నా ఫ్రెండ్ ఒకడు. మావాడు ఒక చేత్తో ప్లేటు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని మైక్ టైసన్ నాకౌట్లు చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ, "ఏ కాలంలో అయినా ఈయన ముందు ఒక్కడు నిలబడేవాడా చిన్నాయనా?" అన్నాడు. చిన్నాయన మిరపకాయ బజ్జీ కొరికి, నమిలి, మింగి, అప్పుడు అన్నాడు: "జో ఫ్రేజియర్ నిలబడతాడు."

"ఎవరాయన?" అన్నాడు మావాడు.

అంతే. టైసన్ కంటే ముందుతరం ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్‌ను పట్టుకుని ఎవరని అడిగేసరికి, టీ మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

పందెం ఏంటంటే, ఫ్రేజియర్, టైసన్ కొట్టుకుంటే ఎవరు గెలుస్తారని. ఓడినవాళ్లు వచ్చే ఆదివారం అందరికీ ఉగ్గాని, బజ్జీ పెట్టించాలి. తీర్పు నేను చెప్పాలి. నాకు ఛానల్ ఉంది కదా, అందుకని నేను జడ్జినట. సరే అని వారం రోజులు కూర్చుని ఇద్దరి పాత ఫైట్లూ చూశాను.

ముందు మావాడికి తెలియని ఒక సంగతి. అసలు ఈ పోటీ కథ సగం నిజంగానే జరిగింది. 1986 జూలై 26న న్యూయార్క్ రాష్ట్రంలోని గ్లెన్స్ ఫాల్స్‌లో టైసన్ ఒక బాక్సర్‌ను సరిగ్గా 30 సెకన్లలో పడగొట్టాడు. ఆ బాక్సర్ పేరు మార్విస్ ఫ్రేజియర్. జో ఫ్రేజియర్ కొడుకు. జో ఆ రోజు అక్కడే ఉన్నాడు, కళ్లారా చూశాడు. అప్పటికి ఆయనకు 42 ఏళ్లు, టైసన్‌కు 20. కొడుకును కొట్టినవాడిని తండ్రి తన వయసులో ఉండగా ఎదుర్కొంటే ఏమయ్యేది? ఇదీ ప్రశ్న. సీమలో తండ్రి, కొడుకు, పగ అనగానే మీ బుర్రలో సుమోలు లేస్తాయని నాకు తెలుసు. వాటిని అక్కడే ఆపండి. ఇక్కడ మనకు కావాల్సింది పిడికిలి లెక్క.

కాలాలు వేరైనవాళ్లను కలిపేటప్పుడు ఏ రోజు మనిషిని తెస్తున్నామో ముందే చెప్పుకోవాలి. లేకపోతే ఒకరి పెళ్లినాటి ఫోటో పక్కన ఇంకొకరి షష్టిపూర్తి ఫోటో పెట్టి అందం పోల్చినట్టు ఉంటుంది.

ఫ్రేజియర్‌ను 1971 మార్చి 8 నుంచి తెస్తున్నా. న్యూయార్క్, మాడిసన్ స్క్వేర్ గార్డెన్, ఎదురుగా మహమ్మద్ అలీ. ఫ్రేజియర్‌కు 27 ఏళ్లు. అప్పటికి 26 ఫైట్లు, అన్నీ గెలుపే, 23 నాకౌట్లు. ఎత్తు ఆరడుగులకు కొంచెం తక్కువ, బరువు దాదాపు 93 కిలోలు.

టైసన్‌ను 1988 జూన్ 27 నుంచి తెస్తున్నా. అట్లాంటిక్ సిటీ, ఎదురుగా మైఖేల్ స్పింక్స్. స్పింక్స్ కూడా అప్పటిదాకా ఓడనివాడే. 91 సెకన్లలో అయిపోయింది. ఆ రాత్రికి టైసన్‌కు 22 నిండటానికి ఇంకా మూడు రోజులుంది. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు 99 కిలోలు. ఈ తేదీయే ఎందుకంటే, ఆ తర్వాత కొన్నాళ్లకే తన ట్రైనర్ కెవిన్ రూనీని వదిలేశాడు. రూనీ పోయాక టైసన్ తల కదపడం తగ్గిపోయింది. నాకు కావాల్సింది తల కదిపే టైసన్.

ఇప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన చూడండి. ఇద్దరూ హెవీవెయిట్‌కు, అంటే అన్నిటికంటే బరువైన బాక్సర్ల తరగతికి, పొట్టివాళ్లే. ఇద్దరూ వెనక్కి నడవరు. ఇద్దరికీ లెఫ్ట్ హుక్ ప్రాణం, అంటే ఎడమ మోచెయ్యి వంచి పక్క నుంచి వేసే పంచ్. అలీ లాగా దూరంగా ఉండి జాబ్‌తో పొడిచే రకం కాదు. జాబ్ అంటే ఉద్యోగం కాదు మావా, ముందు చేత్తో నేరుగా వేసే పంచ్.

ఫ్రేజియర్ ఎడమ చెయ్యి కథ వినాలి. సౌత్ కరోలినాలో పేద రైతు ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడు ఒక పందిని రెచ్చగొడితే అది తరిమింది, పరిగెత్తి పడ్డాడు, చెయ్యి ఇటుకకు తగిలింది. డాక్టర్ దగ్గరికి పోయే స్తోమత లేదు. ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా చాపుకోలేదని తనే చెప్పుకున్నాడు. అంటే దేవుడే హుక్ ఆకారంలో వంచి పెట్టినట్టు అయింది. తర్వాత ఫిలడెల్ఫియాకు పోయి కబేళాలో పని చేస్తూ, వేలాడదీసిన మాంసం మీదే పంచ్‌లు ప్రాక్టీస్ చేశాడు. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో ఎడమ బొటనవేలు విరిగినా ఎవరికీ చెప్పకుండా ఫైనల్ ఆడి గోల్డ్ తెచ్చుకున్నాడు. ఇవన్నీ చెప్పేటప్పుడు మా చిన్నాయన గొంతు మారిపోతుంది, సొంత అన్న గురించి చెప్తున్నట్టే.

టైసన్ కథ మీకు తెలిసిందే కాబట్టి తొందరగా దాటేస్తా. బ్రూక్లిన్‌లో బ్రౌన్స్‌విల్, చిల్లర దొంగతనాలు, పావురాలు, జువెనైల్ హోమ్, అక్కడి నుంచి కస్ డమాటో అనే ముసలి ట్రైనర్ ఇంటికి. రెండు గ్లోవ్స్ బుగ్గలకు ఆనించి, తల లోలకంలా ఊపుతూ లోపలికి దూరే పద్ధతి ఆయన నేర్పిందే. 20 ఏళ్ల 4 నెలలకు ప్రపంచ ఛాంపియన్. అంత చిన్న వయసులో హెవీవెయిట్‌లో ఇంకెవరూ కాలేదు.

ఇక్కడి దాకా చెప్పుకున్నాక బండి దగ్గర ఏం జరిగిందో చెప్పాలి. ఎందుకంటే ఈ పోటీ మొత్తం అక్కడే ఉంది.

బండికి ఎండ తగలకుండా పట్టా కట్టి ఉంది. దాని తాడు ఒకటి చిన్నాయన ఛాతీ ఎత్తులో పోతోంది. "ఫ్రేజియర్ ఎట్ల వస్తాడో సూడు" అని, ప్లేటు నా చేతికిచ్చి, ఆ తాడు కింద వంగాడు. 68 ఏళ్ల మనిషి. ఒక మోకాలు కటుక్కుమంది. తాడు కింద దూరి అటువైపు లేచాడు. మళ్లీ ఇటు. మూడుసార్లు చేశాడు. గమనిస్తే ప్రతిసారీ ఎడమ కాలి మీద బరువు వేసి, ఎడమ భుజం ముందుకు తెస్తూ లేస్తున్నాడు. అలా లేస్తే హుక్ వేయక్కర్లేదు, దానంతట అదే వస్తుంది. బండి అన్న మాత్రం, "తాడు తెగితే పట్టా నా నెత్తిన పడతాదప్పా" అని ఒకటే గోల.

నాలుగోసారి చిన్నాయన వంగినప్పుడు మావాడు ఏం చేశాడంటే, ఆయన లేచే చోట పిడికిలి పెట్టాడు. కింద, గడ్డానికి నేరుగా. చిన్నాయన లేచాడు, గడ్డం వచ్చి ఆ పిడికిలి మీద ఆనింది. "ఇదీ టైసన్" అన్నాడు మావాడు.

అదే అప్పర్‌కట్. వంగి వచ్చేవాడికి యముడు అదే. మార్విస్‌ను టైసన్ కొట్టింది దాంతోనే: కార్నర్‌లోకి నెట్టి, వంగిన తల కింది నుంచి కుడి చేత్తో లేపాడు. 1973లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ అనే బాక్సర్ మార్విస్ తండ్రి జోను కొట్టిందీ చాలావరకు దాంతోనే. రెండు రౌండ్లలో ఆరుసార్లు పడ్డాడు ఫ్రేజియర్.

అయితే చిన్నాయన గడ్డం ఆ పిడికిలి మీదే ఉంచి, ఎడమ చేత్తో మావాడి చెంప మీద మెల్లగా తట్టాడు. "నీ కుడి చెయ్యి ఈడుంటే, నీ చెంప ఎవడు కాస్తాండాడు రా?"

నేను ఉగ్గాని తినడం ఆపేశాను. ఎందుకంటే ఎడ్డీ ఫచ్ అనే మహా ట్రైనర్ 1971లో ఫ్రేజియర్‌కు చెప్పింది సరిగ్గా ఇదే. అలీ అప్పర్‌కట్ వేసే ముందు కుడి చెయ్యి కిందికి దించుతాడు, దించిన క్షణంలో హుక్ వెయ్యి అని. 15వ రౌండులో అలీ పడింది అలాగే. అలీ దవడ వాచిపోయి బుగ్గలో నిమ్మకాయ పెట్టుకున్నట్టు కనిపిస్తుంది, ఆ ఫుటేజ్ చూడండి. రిఫరీ, ఇద్దరు జడ్జీలు, ముగ్గురూ ఫ్రేజియర్‌కే ఇచ్చారు.

అంటే ఫ్రేజియర్‌ను పడగొట్టే పంచ్, ఫ్రేజియర్‌కు తలుపు తెరిచే పంచ్ రెండూ ఒకటే. ఇక మిగిలింది ఒక్కటే: ఎవరిది ముందు తగులుతుంది?

నా కంటికి కనిపించింది చెప్తా. అలీ అప్పర్‌కట్ పొడుగు చెయ్యిది. కాస్త దూరం నుంచి బయల్దేరుతుంది, వస్తున్నట్టు తెలుస్తుంది. టైసన్‌ది పొట్టిది. మోచెయ్యి పక్కటెముకలకు ఆనే ఉంటుంది. ముందు అదే కుడి చేత్తో పక్కటెముకల మీద ఒకటి వేస్తాడు. నొప్పికి అవతలి మోచెయ్యి దిగుతుంది. చెయ్యి వెనక్కి తీయకుండానే అక్కడి నుంచే పైకి లేపుతాడు. రెండు దెబ్బలకూ మధ్య ఊపిరి తీసుకునే సందు ఉండదు. ఫచ్ చెప్పిన ఆ క్షణం టైసన్ దగ్గర ఉంది, కానీ సగమే ఉంది.

చిన్నాయన వాదన కూడా న్యాయంగా చెప్పాలి. ఫోర్‌మన్ పొడుగోడు. చేతులు చాపి ఫ్రేజియర్‌ను వెనక్కి తోసి, తనకు కావాల్సిన దూరంలో నిలబెట్టి కొట్టాడు. టైసన్ ఫ్రేజియర్ కంటే పొట్టి, తోయలేడు. ఎదురుగా వచ్చి నిలబడతాడు, అంటే ఫ్రేజియర్‌కు నడిచే పని తప్పుతుంది. పైగా కింగ్‌స్టన్‌లో ఉన్నది 1971 నాటి ఫ్రేజియర్ కాదు. అన్నీ నిజమే. కానీ 1966లో ఫ్రేజియర్‌తో తలపడిన ఆస్కార్ బొనవేనా సంగతేంటి? ఫోర్‌మన్ అంత పొడుగు లేడు, టైసన్ అంత స్పీడు అసలే లేదు. రెండో రౌండులోనే ఫ్రేజియర్‌ను రెండుసార్లు పడగొట్టాడు. అదే రౌండులో మూడోసారి పడితే ఫైట్ అయిపోయే రూలు. ఫ్రేజియర్ పడలేదు, పాయింట్ల మీద గెలిచాడు. ఫ్రేజియర్ ఇంజన్ వేడెక్కడానికి రెండు మూడు రౌండ్లు కావాలి. టైసన్‌తో ఆ రెండు మూడు రౌండ్లే గండం.

ఇంకో చిక్కు, రూలు ఎవరి కాలానిది? ఫ్రేజియర్ రోజుల్లో టైటిల్ ఫైట్ అంటే 15 రౌండ్లు. 1982 నవంబరులో లాస్ వెగాస్‌లో కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ 14వ రౌండులో దెబ్బ తిని, తర్వాత చనిపోయాడు. ఆ తర్వాత ఒక్కో బాక్సింగ్ సంస్థా 12కు దించేసింది. టైసన్, స్పింక్స్ ఫైట్ 12 రౌండ్లదే.

మా వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు దీని విలువ తెలుసు. ఒక జత విజిల్ పడగానే ఉరుకుతుంది, మొదటి మలుపు తిరిగేసరికి జనం లేచి నిలబడతారు. ఇంకో జత ఒకే నడక. టైము అయిపోయే ముందు చూస్తే మొదటి జత నురుగు కక్కుతుంటుంది, రెండోది అదే నడకలో ఉంటుంది. టైము ఐదు నిమిషాలు పెంచితే ప్రైజు ఇల్లు మారిపోతుంది. టైసన్ మరీ ఆయాసపడే రకం అని కాదు. 1987లో బోన్‌క్రషర్ స్మిత్‌తో, టోనీ టక్కర్‌తో 12 రౌండ్లూ ఆడి గెలిచాడు. కానీ వాళ్లిద్దరూ పట్టుకుని వేలాడినవాళ్లు, ముఖ్యంగా స్మిత్. పక్కటెముకల మీద ఆపకుండా హుక్‌లు దింపేవాడు ఆ రోజుల్లో టైసన్‌కు ఎదురుపడలేదు. ఫ్రేజియర్ పట్టుకోడు, పారిపోడు, అలసిపోడు.

అదే ఆయనకు చేటు కూడా. టైసన్‌ను ఓడించినవాళ్లను చూడండి. బస్టర్ డగ్లస్, లెనాక్స్ లూయిస్ ఆరడుగులు దాటిన మనుషులు, జాబ్‌తో దూరం పెట్టారు. హోలీఫీల్డ్ అంత పొడుగు కాకపోయినా, దగ్గరికి రాగానే కట్టేశాడు. ఫ్రేజియర్ ఈ రెండింట్లో ఏదీ చేయడు. టైసన్ ఎక్కడ ఉండాలనుకుంటాడో సరిగ్గా అక్కడికే నడిచి వస్తాడు.

సరే, తీర్పు. పదిసార్లు కొట్టుకుంటే ఆరుసార్లు టైసన్, ఆ ఆరూ మొదటి నాలుగు రౌండ్లలోనే. ఐదో రౌండు బెల్లు కొట్టేసరికి ఫ్రేజియర్ నిలబడి ఉన్నాడా, నా డబ్బులు ఫ్రేజియర్ మీదే, 12 అయినా 15 అయినా. ఒక్కసారే కొట్టుకుంటారు అంటే, మూడో రౌండు, కుడి అప్పర్‌కట్, టైసన్. ఇది చెప్పడానికి నాకే బాధగా ఉంది. ఆ రాత్రి తండ్రి గెలవాలనే నాకూ ఉంది.

రికార్డింగ్‌కు ముందే నిన్న రాత్రి చిన్నాయనకు ఫోన్ చేసి చెప్పేశాను. మూడో రౌండులో పడిపోతాడు చిన్నాయనా అన్నా. అటువైపు కాసేపు టీవీ చప్పుడే వినిపించింది.

"ఫోర్‌మన్ దగ్గర ఎన్నిసార్లు పడినాడు?" అన్నాడు.

"ఆరు."

"ఎన్నిసార్లు లేసినాడు?"

ఆరుసార్లూ లేచాడు. రిఫరీ ఫైట్ ఆపేసినప్పుడు కూడా ఫ్రేజియర్ కాళ్ల మీదే ఉన్నాడు. మరి టైసన్ కెరీర్ మొత్తం చూసినా, పడి లేచి గెలిచిన ఫైట్ ఒక్కటీ లేదు. ఈ రెండో ముక్క నేను చిన్నాయనతో అనలేదు. ఆయనకు తెలిసే ఉంటుంది.

"ఆదివారం వస్తాలే" అన్నాడు. "ఉగ్గానికి డబ్బులు మాత్రం వాడినే తెచ్చుకోమను."