మోయవచ్చు, ముట్టరాదు: కహాతీయుల సేవ

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ప్రాచీన ఇశ్రాయేలీయుల ఆరాధన అనగానే మనకు ముందుగా గుర్తుకు వచ్చేది ప్రధాన యాజకుడైన అహరోను. నేను ఈ సాయంత్రం అతని దాయాదులైన కహాతీయుల గురించి మాట్లాడదలిచాను. ఇశ్రాయేలీయుల గోత్రాలలో ఒకదానికి మూలపురుషుడైన లేవికి గెర్షోను, కహాతు, మెరారి అని ముగ్గురు కుమారులు. కహాతు కుమారుడు అమ్రాము, అమ్రాము కుమారులు అహరోను, మోషే. అంటే యాజకత్వం కహాతు ఇంట్లోనే పుట్టింది గాని, అహరోను సంతతిని దాటి పోలేదు. తక్కిన కహాతీయులు లేవీయులుగా, యాజకుల చేతికింద సేవకులుగా ఉండిపోయారు. అతిపరిశుద్ధమైన వాటికి అంత దగ్గరగా ఉంటూ వాటిని ముట్టే అధికారం లేకపోవడమే వారి సేవకున్న ప్రత్యేకత అని నా అభిప్రాయం.

బైబిలులోని సంఖ్యాకాండము 4వ అధ్యాయం ప్రకారం 30 ఏళ్లు మొదలుకొని 50 ఏళ్ల వరకు వయసున్న కహాతీయులు 2,750 మంది. ఎడారి ప్రయాణంలో వారి ఆరాధన స్థలమైన ప్రత్యక్షపు గుడారానికి దక్షిణాన దిగి ఉండే వీరికి మందసము (దేవుని ఆజ్ఞల పలకలున్న పెట్టె), దేవుని ఎదుట ఉంచే సన్నిధి రొట్టెల బల్ల, దీపవృక్షము, రెండు బలిపీఠాలు అప్పగింపబడ్డాయి. అయితే దండు కదలవలసినప్పుడు వీరు నేరుగా గుడారంలోకి వెళ్లడానికి వీలులేదు. మొదట అహరోను, అతని కుమారులు లోపలికి వెళ్లి, అడ్డతెరను దించి, ఆ తెరతోనే మందసాన్ని కప్పేవారు. దానిమీద తోలు పరచి, ఆపైన నీలిబట్ట వేసి, మోతకర్రలు దూర్చేవారు. బల్లమీద నీలిబట్ట పరచి గిన్నెలు, రొట్టెలు దానిమీదనే ఉంచి, ఎర్రబట్ట వేసి, చివర తోలు కప్పేవారు. తక్కిన వస్తువులన్నిటికీ తోలే పైకప్పు గనుక, ప్రయాణంలో నీలిరంగు పైకి కనబడేది మందసం ఒక్కదానికే. ఇదంతా ముగిసిన తరువాతే కహాతీయులు వచ్చి భుజాలకెత్తుకోవాలి. పరిశుద్ధమైనదాన్ని ముట్టితే మరణం. లోపలికి వచ్చి రెప్పపాటు చూసినా మరణమే. ఎవరు ఏ బరువు మోయాలో కూడా యాజకులే ఒక్కొక్కరికి చెప్పాలి. కహాతు వంశం నశించిపోకుండా ఉండడానికే ఈ కట్టడి అని ఆ అధ్యాయమే వివరిస్తుంది గనుక, దీన్ని కేవలం అణచివేతగా చదవడం తొందరపాటు అవుతుంది.

గోత్రాల ప్రధానులు 6 బండ్లు, 12 ఎడ్లు కానుకగా తెచ్చినప్పుడు మోషే గెర్షోనీయులకు 2 బండ్లు, పలకలు, స్తంభాలు మోసే మెరారీయులకు 4 బండ్లు ఇచ్చి, కహాతీయులకు ఒక్కటి కూడా ఇవ్వలేదు. వారి సేవ భుజాల మీద మోయవలసినది.

ఇంత దగ్గరితనంలో అసంతృప్తి పుట్టకుండా ఉంటుందా? కహాతు మనుమడైన కోరహు, సమాజమంతా పరిశుద్ధమైనదే కదా అని వాదిస్తూ, 250 మంది ప్రధానులను వెంటబెట్టుకొని మోషే, అహరోనుల మీద లేచాడు. “యాజకత్వం కూడా కోరుతున్నారా” అన్న అర్థంలో మోషే ఇచ్చిన జవాబు కలహానికి మూలం ఎక్కడుందో చూపిస్తుంది. ఈ భాగాలు యూదులు బబులోనుకు బందీలుగా వెళ్లిన చెర కాలంలోనో ఆ తరువాతనో యాజక వర్గాల చేతిలో ఇప్పటి రూపం పొందాయని చాలామంది పండితులు భావిస్తారు. అలా చూస్తే ఈ కథలో తరువాతి కాలపు పోటీల నీడ కూడా ఉండవచ్చు. ఏమైనా ఆ తిరుగుబాటులో కోరహు నశించినా అతని కుమారులు చావలేదని సంఖ్యాకాండము 26వ అధ్యాయం ప్రత్యేకంగా చెబుతుంది. కీర్తనల గ్రంథంలో పలు కీర్తనలు వారి పేరుతోనే ఉన్నాయి.

భుజాల నియమాన్ని మరచినప్పుడు ఏమైందో దావీదు రాజు కాలంలో తెలిసింది. మందసాన్ని కొత్త బండి మీద తెస్తుండగా ఎడ్లకు కాలు జారింది. బండి తోలుతున్న ఉజ్జా చెయ్యి చాపి మందసాన్ని పట్టుకొని అక్కడే చనిపోయాడు. రెండవసారి దావీదు లేవీయులను పిలిపించి మోతకర్రలతో భుజాల మీద మోయించాడు. అందులో కహాతీయులు ఊరియేలు నాయకత్వంలో 120 మంది.

మందసం యెరూషలేములో స్థిరపడ్డాక మోతపని అవసరం తీరిపోయింది. కహాతీయులలో కొందరు ప్రతి విశ్రాంతి దినానికి సన్నిధి రొట్టెలు సిద్ధం చేసేవారు. కోరహీయులు ద్వారాలు కాచేవారు. గాయకుల పెద్ద హేమాను కూడా ఈ వంశం వాడే. పని మారినా పాత హద్దు మాత్రం చెరగలేదు. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దంలో హిజ్కియా రాజు మందిరాన్ని శుద్ధి చేయించినప్పుడు ముందుకు వచ్చిన లేవీయుల జాబితాలో మొదటి పేర్లు కహాతీయులైన మహతు, యోవేలులవి. ఆ పని 16 రోజులు సాగింది. లోపలి భాగంలోకి యాజకులే వెళ్లి, కనబడిన అపవిత్రమైన వస్తువులన్నీ ఆవరణంలోకి తెచ్చి పడవేశారు; లేవీయులు వాటిని అక్కడ అందుకొని కిద్రోను వాగు దాకా మోసుకుపోయారు.