స్టే వస్తే ఏడాది పోతుంది, రాకపోతే టెండరు పోతుంది

సమన్వయకర్త: నమస్కారం. ప్రభుత్వ నిర్మాణ పనుల టెండర్లు కోర్టు మెట్లెక్కడంపై ఈ రోజు చర్చ. మనతో ఒక న్యాయవాది, నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన వారు, ఒక కాంట్రాక్టరు ఉన్నారు. ఠాణే సొరంగంతో మొదలుపెడదాం. లాయరు గారూ, అసలు గొడవ ఏమిటి?

న్యాయవాది: ఠాణే ఘోడ్‌బందర్ నుంచి భాయందర్ వరకు సొరంగ మార్గానికి, ఎత్తయిన వంతెన రోడ్డుకు ముంబయి మహానగర అభివృద్ధి సంస్థ టెండర్లు పిలిచింది. రెండూ కలిపి దాదాపు 14 వేల కోట్ల రూపాయల పని. ఎల్ అండ్ టీని సాంకేతిక బిడ్ దగ్గరే, అంటే ధర చూడకముందు జరిగే అర్హతల వడపోతలోనే, పక్కన పెట్టారు. కారణం చెప్పలేదు. ధరల బిడ్లు తెరిస్తే మన హైదరాబాద్ సంస్థ మేఘా ఎల్-1గా, అంటే తెరిచిన వాటిలో అన్నిటికంటే తక్కువ ధర వేసినదిగా, నిలిచింది. 2025 మే 20న బాంబే హైకోర్టు ఎల్ అండ్ టీ వాదనను తోసిపుచ్చింది. సుప్రీంకోర్టుకు వెళ్లాక బయటికొచ్చిన లెక్క ప్రకారం, పక్కన పెట్టిన ఆ బిడ్లు మూడు వేల కోట్లకు పైగా తక్కువ! మళ్లీ టెండరు పిలుస్తారా అని కోర్టు అడిగింది. మే 30న ముంబయి అభివృద్ధి సంస్థే ఆ టెండర్లను రద్దు చేసుకుంటామంది.

ఇంజనీరు: తక్కువ ధర అనగానే చప్పట్లు కొట్టకండి. సాంకేతికంగా నిలవని వారి ధరల కవరు తెరవకూడదు. తెరిచి చూసి మనసు మార్చుకునేట్టయితే ముందు వడపోత ఎందుకు?

న్యాయవాది: ధర సంగతి వదిలేయండి. ఎందుకు తిరస్కరించారో పని అప్పగించే దాకా చెప్పబోమని టెండరు షరతుల్లోనే రాసుకున్నారు. నాకు నచ్చనిది అదీ.

కాంట్రాక్టరు: మా బాధంతా అక్కడే. ఒక వంతెన పనికి బిడ్ వేశాను. అనుభవ ధ్రువపత్రం మీద ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) సంతకం ఉంది, ఆయన పైఅధికారి ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) సంతకం లేదట. ఆ ముక్క నా చెవిన పడేసరికి అగ్రిమెంటు అయిపోయింది, వేరేవారి యంత్రాలు సైటుకు చేరిపోయాయి. కోర్టుకు వెళ్తే, పని మొదలైపోయింది కదా అన్నారు.

ఇంజనీరు: నా వైపు నుంచి కూడా చూడండి. కాలువలో పని చేయాలంటే నీళ్లు కట్టేసిన ఆ కొద్ది నెలలే చేతిలో ఉంటాయి. ఏప్రిల్‌లో పని ఆపమని స్టే వచ్చి జూన్ చివర్లో దాన్ని ఎత్తేస్తే కాగితం మీద పోయింది మూడు నెలలు, నిజానికి పోయింది ఏడాది. మరుసటి ఏడు రేట్లు పెరుగుతాయి. ఆ తేడా స్టే తెచ్చినవారు కడతారా?

న్యాయవాది: కట్టించాలనే సుప్రీంకోర్టు 1998లో రౌనక్ ఇంటర్నేషనల్ కేసులో చెప్పింది. స్టే తెచ్చినవారు చివరికి ఓడితే ఆలస్యం వల్ల పెరిగిన ఖర్చు వారే భరించాలంది. కట్టినవారిని మాత్రం నేను చూడలేదు. 2022లో జార్ఖండ్ రోడ్డు పని మీద ఎన్‌జీ ప్రాజెక్ట్స్ కేసులో ఇంకాస్త ముందుకెళ్లింది. పని ఆపకండి, అన్యాయం జరిగిందనుకుంటే నష్టపరిహారం వైపు చూడండి అంది.

సమన్వయకర్త: అంటే కోర్టు తలుపు మూసేసినట్టేనా?

న్యాయవాది: మూయలేదు, ఓరగా వేసింది. నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది కాదు, ఎలా తీసుకున్నారన్నదే చూస్తామని 1994లో టాటా సెల్యులార్ కేసు నుంచీ చెబుతోంది. ఆ ఓర సందులోంచే 2024లో బంశీధర్ కన్‌స్ట్రక్షన్ గెలిచింది. ప్రభుత్వ బొగ్గు సంస్థ భారత్ కోకింగ్ కోల్ ఆ కంపెనీని కాగితాల లోపమని తిరస్కరించి, అవసరమైన కాగితాలు ఇవ్వని మరొకరికి గని పని కట్టబెట్టింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి కొత్తగా టెండరు పిలవమంది.

సమన్వయకర్త: మన పోలవరం మాటేమిటి?

ఇంజనీరు: అది ఉన్న ఒప్పందాన్ని రద్దు చేయడం మీద గొడవ. 2019 ఆగస్టులో జలవిద్యుత్ కేంద్రం పనిపై హైకోర్టు ఆపమంది, అక్టోబరు 31న ఆ ఉత్తర్వు ఎత్తేసింది. పాత ధర కంటే తక్కువకు ఎవరు చేస్తారని మళ్లీ పోటీ పెట్టిన రివర్స్ టెండర్లలో 628 కోట్లు ఆదా అని ప్రభుత్వం చెప్పుకుంది. అందులోంచి ఆగిన రోజుల ఖరీదు కూడా తీసేయాలంటాను నేను.

సమన్వయకర్త: అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో వంద కోట్లు, ఆపైన పనుల టెండరు పత్రాలను ముందే న్యాయమూర్తి పరిశీలించే చట్టం కూడా వచ్చింది కదా?

కాంట్రాక్టరు: వచ్చింది, 2024లో పోయింది. ఉన్నా మాకు ఒరిగేది కొంతే. అది టెండరు పిలవకముందు షరతులను చూసేది. మా తగవు బిడ్లు తెరిచాక కదా మొదలయ్యేది!

న్యాయవాది: ఐరోపా సమాఖ్య దేశాల్లో పెద్ద టెండర్లకు ఒక పద్ధతి ఉంది. ఓడినవారికి కారణం పంపాక సాధారణంగా కనీసం 10 రోజులు అగ్రిమెంటు మీద సంతకం చేయకూడదు. తగవేదైనా ఆ పది రోజుల్లోనే లేవాలి. ఇక్కడ ఎవరో ఒకరు రాత్రికి రాత్రి సంతకాలు చేస్తారు, ఇంకొకరు తెల్లవారి స్టేకు పరిగెడతారు.

ఇంజనీరు: పది రోజులే అయితే నాకు అభ్యంతరం లేదు. పదకొండో రోజు నుంచి నా పని ఎవరూ ఆపకూడదు.

కాంట్రాక్టరు: ఒప్పుకుంటాను. కానీ 'అర్హత లేదు' అని ఒక్క ముక్క రాసి పంపితే కుదరదు. ఫలానా సంతకం లేదని రాస్తే మర్నాడే ఎస్‌ఈ గారి దగ్గర పెట్టించుకుని వస్తాను.

ఇంజనీరు: గడువు దాటాక పెట్టించిన సంతకం నేను తీసుకోనండీ.

సమన్వయకర్త: లాయరు గారికి ఇక్కడే ఇంకో కేసు దొరికింది. చిన్న విరామం.