కాటా మీద పెట్టే ముందు

హోస్ట్: మాస్టారూ, పాలకొల్లు నుంచి ఒకరు అడుగుతున్నారండి. వాళ్ల తాతగారు పెళ్లి మేళంలో వాయించిన యుఫోనియం, అదే పెద్ద ఇత్తడి బాకా, అటక మీద దొరికిందట. పాత ఇత్తడి కొట్టులో కిలో లెక్కన ధర కట్టారట. ఇచ్చేయమంటారా?

మాస్టారు: వద్దమ్మా, ఆగమనండి. కాటా మీద అది మూడు నాలుగు కిలోల ఇత్తడే. వేళ్లతో నొక్కే ఆ పిస్టన్ల పనితనం కాటాకి తెలీదు కదా. ముందు బెల్ మీద, అంటే బాకా వెడల్పాటి నోటి మీద, ఏం చెక్కి ఉందో చదవమనండి. హాక్స్ అండ్ సన్ అని బ్రిటన్ కంపెనీ పేరు ఉంటే సాధారణంగా 1930కి ముందుది. ఆ ఏడాదే అది బూసీ కంపెనీతో కలిసి బూసీ అండ్ హాక్స్ అయింది. ఉత్తరప్రదేశ్‌లో బ్యాండు వాయిద్యాలు చేసే మీరట్‌ది అయితే వేరే లెక్క. మన వైపు మేళాల్లో నేను పట్టుకున్నవి ఎక్కువగా అవే.

హోస్ట్: నంబరు కూడా ఉంటుంది కదండీ?

మాస్టారు: ఉంటుంది. చాలావాటికి రెండో పిస్టన్ గొట్టం మీద ఉంటుంది. దాన్ని బట్టి ఏ కాలం నాటిదో చెప్పచ్చు. ఇంతకీ ఆయన దాన్ని తోమేశారా ఏంటి?

హోస్ట్: ఇంకా లేదండి. బఫింగ్ చేయించి ఫోటో పెడతానన్నారు.

మాస్టారు: ముందు ఫోన్ చేసి ఆపండమ్మా! మా నాన్నగారి కార్నెట్, అంటే చిన్న బాకా, అమ్ముదామని నేనూ ఒక షాపులో మెరుగు పెట్టించాను. బంగారంలా వచ్చింది. కానీ చెక్కిన పేరు అరిగిపోయింది, నంబరులో రెండంకెలే మిగిలాయి. కొనడానికి వచ్చినాయన వేలితో తడిమి చూసి, మాట్లాడకుండా నా చేతిలో పెట్టేశాడు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అజ్జరం ఇత్తడి బిందె తోమేకొద్దీ అందం. దీని రేకు పల్చనమ్మా, తోమేకొద్దీ పోతుంది.

హోస్ట్: మరి కొనేవాళ్లు ఏం చూసుకోవాలండి?

మాస్టారు: పిస్టన్ నొక్కకుండా దాని స్లైడు, అంటే లాగితే జరిగే గొట్టం, కాస్త బయటికి లాగాలి. రెండు సెకన్లు ఆగి అప్పుడు నొక్కాలి. టప్పుమని వినిపిస్తే గాలి నిలుస్తున్నట్టు. రాకపోతే పిస్టన్ అరిగి ఉండచ్చు, ఆ రిపేరు బాగా ఖర్చు. సొట్టలు చాలావరకు తీయించుకోవచ్చు. మౌత్‌పీస్ పెట్టే గొట్టం మీద గులాబీ మచ్చలుంటే మాత్రం జాగ్రత్త పడాలి. ఇత్తడిలో జింకు పోయి రాగి మిగిలిందన్నమాట. ఊపిరి తేమకి అది లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది.

హోస్ట్: పాతవి శ్రుతి కలవవంటారు?

మాస్టారు: బ్రిటన్ బ్రాస్ బ్యాండులు 1960ల దాకా హై పిచ్‌లో వాయించేవి. ఇప్పుడు సెకనుకి 440 కంపనాల దగ్గర ఉండే స్వరం అప్పుడు 452 దాటేది. అంటే దాదాపు పావు స్వరం ఎక్కువ. కీబోర్డు పక్కన వాయిస్తే తెలిసిపోతుంది. స్లైడు లాగితే కొంత సర్దుకుంటుంది కానీ పూర్తిగా కాదు. మేళం వాళ్లకి అమ్మితే ఈ మాట ముందే చెప్పి ధర తగ్గించాలి. పాతవి సేకరించేవాళ్లకి అది లోపమే కాదు.

హోస్ట్: పాలకొల్లు ఆయనకి ఏం చెప్పమంటారు?

మాస్టారు: బెల్, నంబరు ఫోటోలు మసి ఉన్నట్టే తీసి పంపమనండి. అటక మీద ఇంకోసారి వెతకమనండి, తాతగారి మౌత్‌పీస్ అక్కడే ఎక్కడో ఉంటుంది.