యూరప్ నగరాల మధ్య రైలు: ఏ వేళకు ఎక్కాలి?

సభకు నమస్కారం.

మనలో చాలామందికి దూరప్రయాణం అంటే రాత్రి రైలే. సాయంత్రం హైదరాబాదులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని, బెర్తు మీద నడుం వాల్చితే తెల్లవారేసరికి విశాఖపట్నం వస్తుంది. పగలు వృథా కాదు, లాడ్జి ఖర్చూ ఉండదు. ఈ అలవాటు వల్లనే కావచ్చు, యూరప్ యాత్రకు సిద్ధమయ్యేవారు నన్ను మొదట అడిగేది అక్కడ రాత్రి రైళ్లున్నాయా అని. ఉన్నాయి. అయితే వియన్నా నుంచి బుడాపెస్ట్‌కు పట్టేది సుమారు రెండు గంటల నలభై నిమిషాలు, ప్రాగ్‌కు నాలుగు గంటలు, పారిస్ నుంచి లండన్‌కు రెండు గంటల ఇరవై నిమిషాలు. పక్క పరిచేలోపే దిగవలసిన ఊరు వచ్చేస్తుంది. కాబట్టి అక్కడ తేల్చుకోవలసింది పగటిలో ఏ భాగమన్నదే. నా సమాధానం ముందే చెప్పేస్తాను: ఉదయం తొమ్మిదిన్నరకూ పదకొండుకూ మధ్య బయలుదేరే రైలు. అది ఎందుకో, ఆ నియమాన్ని నేనే ఎక్కడ తప్పుతానో ఈ సాయంత్రం మనవి చేస్తాను.

మొదటి కారణం రైలుకు సంబంధించింది కాదు, హోటలుకు సంబంధించింది. గది ఖాళీ చేయవలసింది సాధారణంగా పదకొండు లోపు. కొత్త ఊళ్లో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండో మూడో దాటాక. ఈ నడుమ ఎటూ చెందని నాలుగు గంటలుంటాయి. వాటిని రైలుకు ఇచ్చేస్తే రెండు ఊళ్లలోనూ రోజు చెడదు. ఆరు గంటల రైలెక్కితే, డబ్బు కట్టిన ఉదయపు ఫలహారం వదులుకుని, పది గంటలకు పెట్టెలు ఈడ్చుకుంటూ స్టేషన్‌లో లాకర్ల కోసం వెతుక్కోవాలి. చవక టిక్కెట్లు తరచు ఆ వేళకే దొరుకుతాయన్నది నిజమే. మిగిలిన డబ్బుకూ పోయిన నిద్రకూ సరిపోతుందా అన్నది ఎవరికి వారు లెక్క వేసుకోవాలి.

రద్దీ సంగతి కూడా ఇక్కడే చూడాలి. నెదర్లాండ్స్‌లో పనిదినాలలో ఉదయం 6.30 నుంచి 9 వరకు, సాయంత్రం 4 నుంచి 6.30 వరకు రద్దీ వేళలు. ఆ వేళల్లో రాయితీ కార్డులు చాలావరకు చెల్లవు. జర్మనీలో ఒక్కో రాష్ట్రమంతటా తిరగడానికి ఇచ్చే రోజువారీ టిక్కెట్టు పనిదినాలలో సాధారణంగా తొమ్మిది తర్వాతే మొదలవుతుంది. అంటే తొమ్మిదిన్నరకు బయలుదేరేవాడికి ఖాళీ సీటూ తక్కువ ధరా రెండూ కలిసివస్తాయి. శుక్రవారం సాయంత్రమూ ఆదివారం సాయంత్రమూ మాత్రం పెద్ద నగరాల మధ్య రైళ్లు కిటకిటలాడతాయి. జర్మనీలో సీటు రిజర్వేషన్ తప్పనిసరి కాదు కనుక, అది లేనివారు టిక్కెట్టు కొని కూడా నిలబడి వెళ్లవలసి రావచ్చు.

యూరప్ రైళ్లు గడియారం చూసి నడుస్తాయని మనవాళ్లకు ఒక నమ్మకం. స్విట్జర్లాండ్ మటుకు అది నిజం. 1982 నుంచి అక్కడ ప్రతి గంటా అదే నిమిషానికి రైలు నడిచే పద్ధతి అమలులో ఉంది. ఒకటి తప్పినా పెద్ద నష్టం లేదు. జర్మనీ కథ వేరు. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించకపోయినా, 2024లో అక్కడి దూరప్రాంత రైళ్లలో వేళకు చేరినవి 62.5 శాతమే. రెండు రైళ్లు మారి వెళ్లవలసిన వ్యక్తి పది గంటలకు బయలుదేరితే, ఒక కనెక్షన్ తప్పినా వెనక ఇంకా రైళ్లుంటాయి. రాత్రి చివరి బండిని నమ్ముకున్నవాడికి అది తప్పితే మరొకటి లేదు. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం గంట ఆలస్యానికి టిక్కెట్టు ధరలో నాలుగోవంతు, రెండు గంటలకు సగం తిరిగి వస్తుంది. రాత్రి చిక్కుపడితే బస కూడా రైలు సంస్థే చూడాలి. అయితే అర్ధరాత్రి పిల్లలతో, పెట్టెలతో విచారణ కౌంటరు ముందు వరుసలో నిలబడినప్పుడు ఆ హక్కు ఏపాటి ఊరటనిస్తుందో నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇక వెలుతురు. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. హైదరాబాదులో అతి పొడవైన పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటల పైచిలుకు మాత్రమే కనుక, రైలు టిక్కెట్టు కొనేటప్పుడు సూర్యుణ్ణి సంప్రదించే అలవాటు మనకు లేదు. పారిస్‌లో జూన్ పగలు పదహారు గంటలు, డిసెంబరు పగలు ఎనిమిది గంటల పైన కొద్ది నిమిషాలు. ఈ పాఠం నేను సొంత పొరపాటుతో నేర్చుకున్నాను. ఒక డిసెంబరులో వియన్నా నుంచి గ్రాట్స్ వెళ్తూ, సెమ్మరింగ్ కొండదారి చూడాలన్న ఆత్రంతో ఆరు గంటల లోపే రైలెక్కాను. 1854లో పూర్తయిన ఆ దారిలో లోయల మీదుగా రాతి కమానుల వంతెనలుంటాయి. ఆ కాలంలో అక్కడ పొద్దు పొడిచేది ఏడున్నర దాటాక. ఏడు గంటల ప్రాంతంలో మా రైలు కొండ దాటినప్పుడు కిటికీ అద్దంలో నాకు కనబడింది ఎదుటి సీటు పెద్దాయన కునికిపాట్లు మాత్రమే. ఆ కొండ కిందుగా ఇప్పుడు పొడవైన రైలు సొరంగం నిర్మిస్తున్నారు. అది తెరిచాక వేగపు రైళ్లు కిందినుంచే పోతాయి కనుక చూడాలనుకున్నవారు త్వరపడాలి, పట్టపగలే ఎక్కాలి.

నా నియమాన్ని నేను తప్పేది జర్మనీలో రైన్ నది దగ్గర. కొలోన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2002లో తెరిచిన వేగపు మార్గంలో గంట పైచిలుకులో చేరవచ్చు, కానీ నది కనబడదు. కోబ్లెంజ్, మైంజ్‌ల మీదుగా వెళ్లే పాత మార్గం దాదాపు రెట్టింపు సమయం తీసుకుని నది పశ్చిమపు ఒడ్డునే సాగుతుంది. ఉదయం ఎండ తూర్పు నుంచి కళ్లలో పడుతుంది. ఎదుటి ఒడ్డు కోటలూ ద్రాక్షతోటలూ నల్లని నీడలుగానే ఉంటాయి. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ మన వీపు వైపు నుంచి వచ్చి, లోరెలై కొండతో సహా అవతలి గట్టునంతా వెలిగిస్తుంది. కొలోన్ నుంచి వెళ్లేవారు ఎడమవైపు కిటికీ పట్టాలి. ప్రాగ్ నుంచి డ్రెస్డెన్‌కు ఎల్బే నది వెంట వెళ్లేటప్పుడూ ఇదే సూత్రం, కిటికీ మాత్రం కుడివైపుది. జ్యూరిక్ నుంచి మిలాన్‌కు ఆల్ప్స్‌లోని గొట్టార్డ్ కొండల కింద 57 కిలోమీటర్ల సొరంగం గుండా వెళ్లేవారికి మాత్రం, ఆ ఇరవై నిమిషాలూ ఏ వేళైనా ఒకటే చీకటి.

రాత్రి రైలు ఎప్పుడు మంచిది? వియన్నా నుంచి జ్యూరిక్ వంటి దూరాలకు, అదీ శీతాకాలంలో. పగలు దాదాపు ఎనిమిది గంటలు పట్టే ఆ దారిని ఆస్ట్రియా రైల్వే వారి నైట్‌జెట్‌లో నిద్రలోనే దాటవచ్చు. బెర్తు దొరికితేనే సుమా. కూర్చునే సీటులో రాత్రి గడిపితే మిగిల్చిన హోటలు డబ్బు మర్నాటి అలసటకే చెల్లిపోతుంది. వేసవిలో మాత్రం అదే దారిని పగలు వెళ్లమంటాను, ఇన్స్‌బ్రుక్ దాటాక వచ్చే ఆర్ల్‌బర్గ్ కొండల కోసం.

గడియారం మాట ఒకటి మిగిలింది. పారిస్ కంటే లండన్ గంట వెనక. పారిస్‌లో పదింటికి ఎక్కితే లండన్ వేళ ప్రకారం పదకొండున్నర లోపే దిగుతారు, కానీ రెండు దేశాల పాస్‌పోర్టు తనిఖీలూ ఎక్కకముందే జరుగుతాయి కనుక తొమ్మిదికల్లా స్టేషన్‌లో ఉండాలి. తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతుంది. అందుకే లండన్ నుంచి ఇంకాస్త ముందు రైలు మేలు. వేసవి కోసం గంట ముందుకు జరిపిన గడియారాలను అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున తిరిగి గంట వెనక్కి తిప్పినప్పుడు రాత్రి రైళ్లు దారిలో ఏదో ఒక స్టేషన్‌లో గంటసేపు ఆగి, కాలం తమను అందుకునేదాకా వేచి ఉంటాయి. మార్చి చివరి ఆదివారం గడియారాలను ముందుకు తిప్పుతారు కనుక ఆ వెసులుబాటు లేదు. రైలు గంట ఆలస్యంగానే చేరుతుంది కనుక ఆ ఉదయానికి కనెక్షన్ రైలు తీసుకునేవారు మధ్యలో కనీసం రెండు గంటలు ఉంచుకోవాలి.