వినియోగదారుల విశ్వాసం పెరిగితే ఆర్థిక వ్యవస్థ కోలుకున్నట్టేనా?

[తెరపై: పైకి లేస్తున్న ఒక గీత. కింద వార్తా శీర్షిక: "వినియోగదారుల విశ్వాసం పెరిగింది"]

ఈ శీర్షిక వచ్చిన రోజు దాని వెనకాలే వచ్చే వాక్యాన్ని ఎవరైనా ఊహించగలరు: "ఆర్థిక వ్యవస్థ గాడిన పడుతోంది." మొదటిది ఒక సర్వే ఫలితం, రెండోది ఒక తీర్పు. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందన్నదే ఈరోజు మన విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విశ్వాసం పెరిగిందంటే పతనం ఆగిందని అనుకోవడానికి కొంత ఆధారం దొరికినట్టే. కోలుకున్నామని చెప్పడానికి మాత్రం అది చాలదు.

ముందు ఈ అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ కటోనా 1946లో ఇలాంటి సర్వేలకు శ్రీకారం చుట్టారు. ఆయన మనస్తత్వ శాస్త్రం చదివిన మనిషి. ఖర్చు పెట్టడానికి చేతిలో డబ్బు ఉంటే సరిపోదు, పెట్టాలన్న మనసు కూడా ఉండాలి అన్నది ఆయన వాదన. ఆదాయాన్ని కొలిచే లెక్కలు అప్పటికే ఉన్నాయి. మనసును కొలవడానికి ఆయన నేరుగా మనుషులనే అడిగారు.

[తెరపై: అయిదు ప్రశ్నలు, ఒకదాని తరువాత ఒకటి]

ఈ సూచీకి ఆధారం అయిదు ప్రశ్నలు. నిరుటితో పోలిస్తే మీ ఇంటి ఆర్థిక పరిస్థితి మెరుగైందా, దిగజారిందా? వచ్చే ఏడాదికి ఎలా ఉంటుందనుకుంటున్నారు? దేశంలో వ్యాపార పరిస్థితులు రానున్న 12 నెలల్లో ఎలా ఉంటాయి? అయిదేళ్లలో? ఇంటికి పెద్ద వస్తువులు కొనడానికి ఇది మంచి సమయమేనా?

ప్రతి ప్రశ్నకూ "బాగుంది" అన్నవారి శాతంలోంచి "బాగాలేదు" అన్నవారి శాతాన్ని తీసేసి, దానికి 100 కలుపుతారు. ఆ అయిదింటినీ కూడి 1966 నాటి స్థాయితో పోలుస్తారు. లెక్క ఇంతే. కానీ ఇందులో రెండు మెలికలు ఉన్నాయి.

మొదటి మెలిక: ఇక్కడ తలలనే లెక్కిస్తారు, డబ్బును కాదు. పరిస్థితి కాస్త మెరుగైన మనిషి, ఒక్కసారిగా దశ తిరిగిన మనిషి ఇద్దరూ సూచీలో ఒకటే. కొత్త ఇల్లు కొనగలిగిన కుటుంబం సమాధానానికీ, పాత అప్పు తీర్చడానికే తంటాలు పడుతున్న కుటుంబం సమాధానానికీ ఒకే విలువ. ఖర్చు లెక్కల్లో ఆ రెండు కుటుంబాల బరువు ఒకటి కాదు కదా!

రెండో మెలిక ఇంకా ముఖ్యం. మొదటి ప్రశ్న "బాగున్నారా" అని అడగడం లేదు, "నిరుటికంటే బాగున్నారా" అని అడుగుతోంది. నిరుడు మరీ అధ్వానంగా గడిచి ఉంటే ఈ ఏడాది "అవును" అనడానికి పెద్ద అభివృద్ధి అక్కర్లేదు. కిందపడటం ఆగితే చాలు. అందుకే మాంద్యం అడుగు నుంచి సూచీ లేచినప్పుడు ఆ ఎగుడు అంత నిటారుగా కనిపిస్తుంది. గీత ఎంత ఎత్తు లేచిందన్నది చూసి మురిసిపోయే ముందు, ఇప్పుడు ఏ ఎత్తులో ఉందో చూడాలి. వార్తల్లో మొదటిదే చెబుతారు.

[తెరపై: 1990–1992 మిషిగన్ సూచీ]

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే ఉదాహరణ 1991. అంతకుముందు ఏడాది జులైలో అమెరికా మాంద్యంలోకి జారింది. ఆగస్టులో కువైట్‌ను ఇరాక్ ఆక్రమించింది, చమురు ధర ఎగిసింది, యుద్ధం వచ్చిపడింది. 1991 ఫిబ్రవరి చివర్లో యుద్ధం ముగిసింది. ఆ ఫిబ్రవరిలో 70 దగ్గర ఉన్న మిషిగన్ సూచీ మార్చిలో 87 దాటింది. ఒక్క నెలలో! పైగా మాంద్యం కూడా సరిగ్గా ఆ మార్చిలోనే ముగిసిందని తరువాత లెక్క తేలింది. ఇక్కడిదాకా చూస్తే సర్వేకు దండం పెట్టాల్సిందే.

ఆ తరువాతి కథ వేరు. అప్పుడు 6.8 శాతం ఉన్న నిరుద్యోగం తగ్గలేదు సరికదా, పెరుగుతూ పోయి 1992 జూన్‌లో 7.8 శాతానికి చేరింది. 1992 మొదట్లో సూచీ మళ్లీ 70 కిందికి వచ్చేసింది. యుద్ధం ముగిసిందన్న సంబరం నిజం, ఊరట నిజం. కానీ ఉద్యోగాలు ఊరటతో పుట్టవు. ఆర్డర్లు వస్తాయన్న నమ్మకం యజమానికి కుదరాలి, ఆ నమ్మకం నిలవాలి, అప్పుడు కదా కొత్త మనిషిని తీసుకునేది. అప్పట్లో ఆ నమ్మకం కుదరలేదు.

2009 దీనికి పెద్ద రూపం. కాన్ఫరెన్స్ బోర్డ్ అనే సంస్థ 1967 నుంచి మరో సూచీ నడుపుతోంది. దానికి 1985 స్థాయి 100. 2009 ఫిబ్రవరిలో అది 25 దగ్గరికి కుప్పకూలి, ఆ వసంతంలో గట్టిగా లేచింది. మాంద్యం జూన్‌లో ముగిసింది. అంటే మలుపును ఈ సూచీ కూడా బాగానే పట్టుకుంది. అయినా నిరుద్యోగం అక్టోబరులో 10 శాతానికి ఎక్కింది. మాంద్యానికి ముందున్నన్ని ఉద్యోగాలు తిరిగి రావడానికి 2014 దాకా పట్టింది. జ్వరం దిగిన రోజూ, ఒళ్లు కూడదీసుకుని పనికి వెళ్లిన రోజూ ఒకటి కావు. సూచీ చెప్పగలిగింది మొదటిదాని గురించే.

మరి సూచీ ఆకాశంలో ఉంటే? మిషిగన్ సర్వే చరిత్రలోనే అత్యధికం 2000 జనవరిలో నమోదైన 112. పద్నాలుగు నెలలకు, 2001 మార్చిలో, మాంద్యం మొదలైంది.

పాతాళంలో ఉంటే? 2022 జూన్‌లో అది 50కి పడిపోయింది. అప్పటివరకు అంత తక్కువ ఎన్నడూ లేదు, 2008 సంక్షోభంలో కూడా. కానీ ఆ నెల నిరుద్యోగం 3.6 శాతమే. మాంద్యం రాలేదు, జనం ఖర్చు ఆపలేదు. కోపం ధరల మీద. ద్రవ్యోల్బణం అప్పుడు 9.1 శాతం. తిట్టుకుంటూనే కొన్నారు.

మాటకూ చేతకూ ఉన్న ఈ తేడాకు 2001 శరత్కాలం ఇంకో సాక్ష్యం. సెప్టెంబరు 11 దాడుల తరువాత విశ్వాసం బాగా దెబ్బతింది. కార్ల కంపెనీలు వడ్డీ లేని అప్పులు ఇస్తామన్నాయి. అక్టోబరులో కార్ల అమ్మకాలు రికార్డు స్థాయికి చేరాయి. మనసు బాగాలేకపోయినా వాయిదాలు తేలికగా ఉంటే బండి ఇంటికొస్తుంది. కటోనా దీనికి ఏమనేవారో!

[తెరపై: రెండు గీతలు, "ఇప్పుడు", "రేపు"]

అయితే ఈ సర్వేలను పక్కన పారేయాలా? అలా అనను. మొత్తం అంకెను వదిలి లోపలి భాగాలను చూడమంటాను. ప్రతి సూచీలో రెండు ముక్కలు ఉంటాయి: ఇప్పుడు ఎలా ఉంది, రేపు ఎలా ఉంటుంది. భారత రిజర్వ్ బ్యాంక్ తన సర్వేలో వీటిని రెండు వేర్వేరు సూచీలుగానే ప్రకటిస్తుంది. అక్కడ 100 అంటే ఆశావహులూ నిరాశావాదులూ సరిసమానమని అర్థం. కోవిడ్ రెండో దశలో, 2021 మే నుంచి జులైకి, భవిష్యత్తు సూచీ 96.4 నుంచి 104కు పెరిగింది. ప్రస్తుత పరిస్థితి సూచీ 48.5 నుంచి 48.6కు మాత్రమే కదిలింది. "జనంలో ఆశ చిగురించింది" అన్న శీర్షికకు మొదటి అంకె సరిపోతుంది. ఇళ్లలో ఏం జరుగుతోందో తెలియాలంటే రెండోది కావాలి.

"రేపు" ఒక్కటే పెరిగితే దాన్ని ఆశగానే లెక్కేస్తాను. "ఇప్పుడు" కూడా దాని వెంట పెరిగితే ఆసక్తిగా చూస్తాను. అందులోనూ కాన్ఫరెన్స్ బోర్డ్ అడిగే ఒక ప్రశ్న నాకు ఇష్టం: ఉద్యోగాలు పుష్కలంగా ఉన్నాయా, దొరకడం కష్టంగా ఉందా? ఇది మనోభావం అడిగినట్టు ఉంటుంది కానీ, నిజానికి చుట్టూ చూసింది చెప్పమనడమే. ఉద్యోగం పోయిన బావమరిది, మూడు నెలలుగా ఇంటర్వ్యూలకు తిరుగుతున్న పక్కింటి అబ్బాయి అందరూ ఆ సమాధానంలోకి వస్తారు.

ఎవరి విశ్వాసం పెరిగిందన్నది ఇంకో ప్రశ్న. షేర్లు ఉన్నవారి ధీమా మార్కెట్‌తో లేస్తుంది, లేనివారికి అది వర్తించదు. అమెరికాలో అయితే పార్టీ జెండా రంగు కూడా కలుస్తోంది. అధ్యక్షుడు మారగానే ఒక పార్టీ అభిమానులకు ఆర్థిక వ్యవస్థ రాత్రికి రాత్రే వెలిగిపోతుంది, రెండో పార్టీవారికి చీకటి పడుతుంది. వారి జీతాలు మాత్రం ఎక్కడివి అక్కడే ఉంటాయి.

ఆర్థికవేత్తలు దీన్ని లెక్కగట్టారు కూడా. కారల్, ఫ్యూరర్, విల్కాక్స్ 1994లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కుటుంబాల ఖర్చు పెరుగుదలలోని హెచ్చుతగ్గుల్లో 14 శాతం మేరకు మాత్రమే గత సర్వేల సూచీ వివరించగలదు. ఆదాయం వంటి ఇతర వివరాలు మన చేతిలో ముందే ఉంటే సూచీ అదనంగా చెప్పేది ఇంకా తక్కువ. కొంత ఉంది, సున్నా కాదు.

కాబట్టి పక్కన పెట్టుకోవాల్సినవి ఉన్నాయి. ధరల పెరుగుదల పోను చేతికి మిగిలే వాస్తవ ఆదాయం పెరుగుతోందా? పని గంటలు, నియామకాలు పెరుగుతున్నాయా? పెరిగిన ఖర్చు జీతంలోంచి వస్తోందా, పొదుపు కరిగించి, క్రెడిట్ కార్డు గీకి తెస్తున్నారా? చివరిదాన్ని ఎక్కువగా పట్టించుకోండి. అప్పుతో వచ్చిన ఖర్చు కూడా అమ్మకాల లెక్కలో బాగానే కనిపిస్తుంది, బిల్లు వచ్చేదాకా.

ఇంత గొడవ ఎందుకు, మాంద్యం ముగిసిందో లేదో ఎవరో ఒకరు ప్రకటిస్తే సరిపోదా అంటారా? అమెరికాలో ఆ పని నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనామిక్ రీసెర్చ్ చేస్తుంది. లెక్కలన్నీ సవరించి, కుదురుకున్నాకే నోరు విప్పుతుంది. 1991 మార్చిలో మాంద్యం ముగిసిందని అది ప్రకటించింది 1992 డిసెంబరులో. ఆర్థిక వ్యవస్థే పెద్ద చర్చగా నడిచిన అధ్యక్ష ఎన్నికల్లో జార్జ్ బుష్ అప్పటికి నెలన్నర క్రితమే ఓడిపోయారు. ఇంత ఆలస్యంగా వచ్చే తీర్పుతో మార్కెట్లకూ, మంత్రులకూ, వార్తా సంస్థలకూ పని జరగదు. అందుకే నెలనెలా ఠంచనుగా వచ్చే విశ్వాస సూచీ మీద, అది మోయగలిగినదానికన్నా ఎక్కువ బరువు పెడుతున్నారు.